కంబళ్లు ఆరేసిన చేతులు

"ముసలాడే పొయ్యి మూత వేశాడు. కేసు తేలిపోయింది. సంతకం పెట్టు మారెత్."

రాజధాని తాలిన్ నుంచి మా తార్తు పోలీస్ స్టేషన్‌కి దిగిన కమిషనర్ రైద్మా ఆ మాట అంటూ నా బల్ల మీద కూర్చుని నా కాఫీయే తాగుతున్నాడు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. పెద్ద ఊరి నుంచి వచ్చినవాళ్లు మా కుర్చీల్లో కూర్చుంటే హోదా తగ్గుతుంది కాబోలు.

"చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు," అన్నాను.

"చదవడానికి ఏముంది? ముసల్ది పోయింది. ఇంట్లో ఉండేది మొగుడొక్కడే. ఆదివారం ఇద్దరూ అరుచుకున్నారని వీధి వీధంతా చెబుతోంది. పైగా అతను పొయ్యిలు కట్టే మేస్త్రీ. మూత ఎప్పుడు వేస్తే మనిషి పోతుందో అతనికంటే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన ముసల్ది అన్న మనిషి పేరు హిల్యా సారపూ. రంగుల చిత్రాలు వేసేది, రాగి రేకుల మీద చెక్కి కాగితం మీద అచ్చులు తీసేది. నిన్న మధ్యాహ్నం బంగాళాదుంపల వీధిలో, ఇంటి వెనకున్న పనిగదిలో ఆమె నేల మీద పడి ఉండగా పక్కింటివాళ్లు చూశారు. గది వెచ్చగా ఉంచే గోడపొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉండగానే పొగగొట్టం మూత మూసి ఉంది. ఆ నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నీలిమంట ఆడుతున్నంతసేపు మూత జోలికి పోవద్దని కట్టెల పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు. డెబ్బై దాటిన హిల్యా తనంతట తాను ఆ పని చేసి ఉండదు. ఇంతవరకు నాకూ రైద్మాకూ పేచీ లేదు.

"ఆమె భర్త కారెల్ నిన్న పొద్దున్నే గడ్డకట్టిన పైప్సి సరస్సు మీదికి చేపలకు పోయాడు," అన్నాను.

"మంచు మీద ఒంటరిగా! సాక్షి ఎవరు, చేపలా?"

తన జోకుకు తానే నవ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం ఆయన ముందే సొరుగులో పడేసి తాళం వేశాను. ఊరి కేసు ఊరి ఇన్‌స్పెక్టర్ సంతకం లేకుండా ముందుకు పోదు. అది ఆయనకూ తెలుసు.

కారెల్‌ని ఉంచిన గదికి వెళ్లాను. పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లకు ఇంకా మంచు మీద వేసుకునే బూట్లే ఉన్నాయి. ముందురోజు నుంచీ అవి విప్పమని ఎవరూ చెప్పలేదు, వేరే జోడూ ఇవ్వలేదు. కాపలా కుర్రాణ్ణి పిలిచి నాలుగు చివాట్లు పెట్టి పొడి మేజోళ్లు తెప్పించాను.

"ఆదివారం ఎందుకు అరిచారు పెద్దాయనా?"

"అరిచాను. ఎందుకు అరిచానో చెప్పలేదా వాళ్లు? గోడకు చెవులు పెట్టి విన్నారు కదా, మొత్తం విని ఉంటే బాగుండేది." ఆయన పొడి మేజోడు సగం ఎక్కించి ఆగాడు. "చెప్పెయ్యవే అన్నాను. ఇంకెన్నాళ్లు దాస్తావు, నీ చిత్రాలు నీవని చెప్పుకోవడానికి భయమేంటి అన్నాను. శనివారం చెబుతానంది. నేనైతే ముప్పై ఏళ్ల కిందటే ఆ వారిక్ గొంతు పట్టుకునేవాణ్ణి అన్నాను. అరిచానంటే అదీ!"

ప్రొఫెసర్ ఎండెల్ వారిక్ చిత్రాలు తెలియని ఇల్లు మా దేశంలో లేదు. 'బురదనేలలు' అని నల్లటి అచ్చుల వరస ఒకటి ఉంది. తెల్లవారకముందు బురదనేల మీద నీటి మడుగులు, వంగిన చిన్న చిన్న దేవదారు చెట్లు. రాగి రేకునంతా ముందు గరుకు చేసి, కాగితం మొత్తం నల్లగా పడేలా చేసి, తర్వాత వెలుగు కావలసిన చోటల్లా కొద్దికొద్దిగా నునుపు పెడుతూ వచ్చే పని అది. నెలల తరబడి వంగి కూర్చోవాలి. ఆ వరసలోని అచ్చు ఒకటి తపాలా బిళ్ల మీద కూడా వచ్చింది. కింద వారిక్ పేరు.

"అవన్నీ మా హిల్య చెక్కినవి," అన్నాడు కారెల్. "చిన్నపిల్లప్పుడు అప్పటి సర్కారువాళ్లు దాన్ని రైలెక్కించి సైబీరియాకి పంపారు. తిరిగొచ్చాక దాని రంగుల చిత్రాలు ఏ గోడ మీదా పెట్టనివ్వలేదు. బహిష్కరణ పడ్డవాళ్ల పేరు గోడ మీద ఎట్లా పెడతారమ్మాయ్? అప్పుడా వారిక్ వచ్చి, నా పేరుతో పెట్టుకుందాం, నువ్వు నా సహాయకురాలివని చెబుదాం, రోజులు మారాక సరిచేద్దాం అన్నాడు. రోజులు మారాయి. దేశమే మారింది. వాడి సంతకం మాత్రం మారలేదు. రెండేళ్ల కిందట హిల్య వాడి పని మానేసింది."

"శనివారం ఏం జరగాల్సింది?"

"వాడి పెద్ద ప్రదర్శన. అక్కడికి అచ్చు మిషను తెప్పించుకుని, ఎవరూ చూడని ఆఖరి రేకు పెట్టి అందరి ముందూ అచ్చు తీస్తానంది. నిన్న తీస్తున్నది దానికి తాలీమే. నేను చేపలకు వెళ్లేటప్పటికే ముంజేతులదాకా సిరా."

"మీరు సాయం చేసేవారా?"

"నన్నా? ఆ మిషను దరిదాపులకు రానిచ్చేది కాదు. ఒకసారి కంబళ్లు తీసి ఆరేశాను, నా మసిచేతుల్తో. తెల్లటి ఉన్ని కంబళ్లు అవి, కాగితం మీద పరిచి నొక్కడానికి. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పని అయ్యాక చేతులు శుభ్రంగా కడుక్కోవాలట, మరలు వదులు చెయ్యాలట, ఆ తర్వాతే కంబళ్లు ముట్టుకోవాలట. మిషను బిగించి వదిలేస్తే కంబళ్లు చచ్చిపోతాయనేది. జ్వరంతో పడుకున్నా లేచివెళ్లి వదులు చేసి వచ్చేది."

"మిగతా రేకులు ఎక్కడున్నాయి?"

ఆయన మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "దాచాను. నేను మేస్త్రీని, ఇటుక వెనక ఇటుక పెట్టడం నాకు చేతకాదా? ఎక్కడో శనివారం చెబుతా. అప్పటిదాకా పోలీసులకు కూడా చెప్పనని హిల్యకు మాటిచ్చాను."

నేను నమ్మాను. బయటికి వచ్చి విడుదల కాగితం రాసి రైద్మా చేతిలో పెట్టాను.

"పారిపోతే నీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాడాయన.

"ఆ బూట్లతో ఎంత దూరం పారిపోతాడు లెండి."

ఇంటికి మేమే పోలీసు ముద్ర వేశాం కాబట్టి ఆయనకు వెళ్లడానికి చోటు లేదు. వరండా బెంచీ మీద సల్మె లెపిక్ పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. ఆమె కూడా అచ్చులు తీసే మనిషే, హిల్యాకు చాలా ఏళ్ల స్నేహితురాలు. కారెల్ కోసం నల్ల రొట్టె, ఫ్లాస్కులో వేడి టీ తెచ్చింది. ఊరి బయట ఆమెకో చిన్న ఇల్లుంది.

"మా ఇంట్లో ఉంటాడు. పొయ్యి వెలిగించే వచ్చాను," అంది సల్మె, పెద్దాయన మెడకు తన మఫ్లర్ చుడుతూ. కారెల్ ఆమె భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు థాంక్స్ చెప్పి, ఇంటి ఫోను నంబరు రాసుకుని, వాళ్లు బస్సెక్కాక నేను పనిగదికి వెళ్లాను.

కిటికీలు ముందురోజు నుంచీ తెరిచే ఉన్నాయి. లోపల నూనె, సిరా వాసన. తాడు మీద క్లిప్పులతో నాలుగైదు అచ్చులు ఆరుతున్నాయి. అన్నిట్లోనూ ఒకటే చిత్రం, ఇంతవరకు నేనెక్కడా చూడనిది: బురదనేల మీద గూడ్సు రైలుపెట్టె, దాని చిన్న కిటికీలో ఒక పిల్ల చెయ్యి. చిత్రమంతా నలుపు. ఆ చేతి మీద మాత్రం వెలుగు ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఇంత పని చేసిన మనిషిని ముప్పై ఏళ్లు సహాయకురాలని పిలిచారు!

తర్వాత నా పని మొదలుపెట్టాను. బల్ల మీద తడిపిన కాగితాలు, రెండు పలకల మధ్య ఒత్తి పెట్టినవి, ఇంకా దొంతర మిగిలి ఉంది. గాజుపలక మీద సిరా కలిపి ఉంది. అంటే పని మధ్యలో ఉంది. శవం ఫొటోలు తీసి పక్కన పెట్టుకుని చూశాను. ఒంటి మీద ఏప్రన్ అలాగే ఉంది. రెండు అరచేతులూ నల్లగా, వేళ్ల సందుల్లో కూడా సిరా. చేతులు కడుక్కోలేదు.

అచ్చు మిషను దగ్గరికి వెళ్లాను. మిషను బల్ల ఖాళీగా ఉంది. ఆరుతున్న అచ్చులన్నీ ఏ రేకు నుంచి వచ్చాయో ఆ రేకు మిషను మీద లేదు, గదిలో ఎక్కడా లేదు. రెండు పక్కలా మరలు తిప్పి చూశాను. రెండూ వదులుగా ఉన్నాయి. గోడ పక్కన కర్ర మీద మూడు కంబళ్లు అంచుకు అంచు కలిపి, మడత లేకుండా ఆరేసి ఉన్నాయి. వెలుతురులోకి పట్టుకుని రెండు వైపులా చూశాను. ఒక్క నల్లటి వేలిముద్ర కూడా లేదు.

కారెల్ మాటలు అప్పుడు అర్థమయ్యాయి. సిరా చేతుల హిల్యా ఆ కంబళ్లను తాకలేదు. ఆమె పడిపోయాక ఎవరో శుభ్రమైన చేతులతో వచ్చి, కంబళ్లు ఎత్తి, కింద ఉన్న రేకు తీసుకుపోయారు. దొంగ అయితే కంబళ్లు నేల మీద పడేసి పరిగెత్తుతాడు. విషవాయువు నిండిన గదిలో, కాళ్ల దగ్గర చచ్చిపోతున్న మనిషి ఉండగా, ఊపిరి బిగబట్టుకుని మరలు వదులు చేసి కంబళ్లు చక్కగా ఆరేసి పోయారంటే ఆ చేతులకు అది జీవితకాలపు అలవాటు. ఆ మనిషి మనసు హత్య మీద ఉంది, చేతులు మాత్రం రోజూ చేసే పని చేసుకుపోయాయి. ఇంతటి జాగ్రత్త కంబళ్ల మీద చూపించి, మనిషిని నేల మీద వదిలేశారు!

బయట వ్యాను ఆగింది. రైద్మా, ఆయన వెనక బొచ్చుటోపీతో, వెండి పిడి కర్రతో ప్రొఫెసర్ వారిక్, ఇద్దరు కూలీలు లోపలికి వచ్చారు. ఇంటి తలుపు మీద నేను వేసిన ముద్ర కాగితం చిరిగి రైద్మా చేతిలో ఉంది.

"ఇక్కడి రేకులన్నీ ప్రొఫెసర్‌గారివి. తీసుకెళ్లడానికి నేను అనుమతిచ్చాను," అన్నాడు రైద్మా.

"హత్య జరిగిన గదిలోంచి సామాను తీసుకెళ్లడానికా? మీరు పోలీసా, ఆయనకు పాలేరా?"

"నోరు జాగ్రత్త మారెత్!"

"అమ్మా," అన్నాడు వారిక్, ఎంతో ఓపిక ఉన్నట్టు. "హిల్యా నా సహాయకురాలు. మంచి మనిషి. చివరి రోజుల్లో కొంచెం మతి చలించింది, ఏవేవో ఊహించుకునేది. ఆ రేకులు ఈ దేశపు సొత్తు. ఇలాంటి చెమ్మ గదిలో పాడైపోతాయి."

"నిన్న పొద్దున మీరెక్కడున్నారు?"

"తాలిన్‌లో నాతోనే ఉన్నారు," అన్నాడు రైద్మా. "ప్రదర్శన బందోబస్తు గురించి మాట్లాడుకున్నాం. భోజనం కూడా మా ఇంట్లోనే. ఇంకేమైనా అడుగుతావా?"

"ఒక్కటే. ప్రొఫెసర్‌గారూ, నాకొక అచ్చు తీసి చూపిస్తారా?"

"ఏమిటీ?"

"అదిగో మూలన చిన్న రేకు ఉంది, సిరా ఉంది, మిషను ఉంది. మీరు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే కదా. కమిషనర్‌గారి ఆఫీసు గోడ మీద మీ అచ్చే ఉందటగా, ఆయనా చూసి ఆనందిస్తారు."

వారిక్ రైద్మా వైపు చూశాడు. రైద్మా ముఖంలో నిజంగానే ఉత్సాహం కనిపించింది. "చూపించండి సార్, ఈవిడ నోరు మూతపడుతుంది," అన్నాడు. ఆ మాటతో ప్రొఫెసర్‌కి తప్పించుకునే దారి లేకపోయింది.

కోటు విప్పాడు. సిరా గరిటతో తీసి రేకు మీద పూశాడు, బ్రెడ్డు మీద వెన్న పూసినట్టు. గుడ్డతో అటూ ఇటూ రుద్దాడు. చేతులనిండా నలుపైంది. తడి కాగితాల దొంతర పక్కనే ఉన్నా దాని వైపు చూడనైనా లేదు, అలమరలోంచి ఒక పొడి కాగితం తీశాడు. ఆ నల్లటి చేతులతోనే కర్ర మీది తెల్ల కంబళ్లు రెండు లాగి మిషను మీద పరిచాడు. పది వేళ్లూ వాటి మీద అచ్చు పడ్డాయి. మరలు బిగించలేదు. చక్రం సులువుగా తిరిగింది, అసలు ఏమీ నొక్కనట్టు.

కాగితం ఎత్తాడు. ఒక మూల కొంచెం బూడిదరంగు మరక. మిగతాదంతా తెల్లగా ఉంది.

కూలీల్లో ఒకడు తల పక్కకు తిప్పుకుని దగ్గాడు.

"చాలా కాలమైంది... వయసు... చేతులు వణుకుతున్నాయి," అన్నాడు వారిక్.

"చేతులు వణికితే అచ్చు వంకరగా వస్తుంది సార్. మీకు కాగితం తడపాలని కూడా తెలియదు! సిగ్గుగా లేదా? ఆ తపాలా బిళ్ల మీద, పాఠ్యపుస్తకాల్లో, మీ పతకాల మీద ఉన్నదంతా ఆమె రక్తం. సైబీరియా నుంచి బతికొచ్చిన మనిషిని తెచ్చి ఈ చెమ్మ గదిలో కూర్చోబెట్టి, మీరు వెళ్లి దండలు వేయించుకున్నారు! నిన్న ఆమె రేకు ఎత్తుకుపోయినవాళ్లు మాత్రం ఈ కంబళ్లను ఒక్క మరక లేకుండా ఆరేసి పోయారు."

రైద్మా, గోడ పక్కన కర్ర మీద ఇంకా వేలాడుతున్న ఒక కంబళి వైపు, నల్ల మరకలు పడ్డ మిగతా రెండిటి వైపు మార్చి మార్చి చూశాడు. మొండివాడే గానీ గుడ్డివాడు కాదు. గొంతు తగ్గించి అడిగాడు: "నిన్న కంబళ్లు ఆరేసినవాళ్లు... పని తెలిసినవాళ్లన్నమాట?"

"ఇప్పటికి అర్థమైంది మీకు." వారిక్ వైపు తిరిగాను. "హిల్యా మీ పని మానేసి రెండేళ్లు. ఈ రెండేళ్లలో మీ పేరుతో కొత్త అచ్చులు వస్తూనే ఉన్నాయి. ఎవరు తీస్తున్నారు?"

ఆయన తన వెండి పిడి కర్ర కోసం వెతుక్కున్నాడు. నేను దాన్ని కాలితో పక్కకు తోశాను.

"ఎవరు?"

"సల్మె," అన్నాడు. "సల్మె లెపిక్. నా తర్వాత నా ప్రొఫెసర్ పీఠం ఆమెకే ఇప్పిస్తానని మాటిచ్చాను. హిల్యా శనివారం చెయ్యబోయేది తెలిసి ఆమెకు చెప్పాను. నేను మాట్లాడి ఒప్పిస్తాను, మీరు తాలిన్ వెళ్లి నలుగురిలో ఉండండి అంది. ఒట్టు, ఇలా చేస్తుందని నాకు తెలియదు. రాత్రి ఫోన్ చేసి, ఆఖరి రేకు నా దగ్గరుంది, మిగతావి ఎక్కడున్నాయో ముసలాడికే తెలుసు అంది..."

"రాత్రే తెలుసా మీకు? తెలిసీ పొద్దున్నే వ్యాను తీసుకుని వచ్చారా?"

ఆయన జవాబు వినలేదు నేను. మఫ్లర్ చుట్టిన ఆ చేతులు కళ్లముందు కదిలాయి. కారెల్‌ని జైల్లోంచి తీసి ఆమె చేతికి అప్పగించింది నేనే. థాంక్స్ కూడా చెప్పాను!

కిటికీ గట్టు మీద ఫోను ఉంది. సల్మె ఇంటి నంబరు తిప్పాను. చాలాసేపు మోగింది. రైద్మా నా మొహం చూసి, వారిక్‌ని కూలీలకు అప్పగించి కారు స్టార్ట్ చేయడానికి బయటికి పరిగెత్తాడు.

"హలో?" కారెల్ గొంతు. నా ప్రాణం లేచివచ్చింది.

"పెద్దాయనా, నేను మారెత్‌ని. ఒక్కరే ఉన్నారా?"

"సల్మె కట్టెలకు వెళ్లింది. ఎంత మంచిదమ్మాయ్ ఈవిడ! బూట్లు విప్పింది, సూప్ పెట్టింది. కూర్చోబెట్టి హిల్య కబుర్లన్నీ అడిగింది. ఇద్దరం ఏడ్చాం."

"రేకుల సంగతి అడిగిందా?"

"అడిగింది. పరాయి మనిషా ఏమిటి దాయడానికి? చెప్పేశాను. మా హిల్య సంతోషిస్తుందిలే."

"వినండి. ఇప్పుడే లేచి బయటికి నడవండి. కోటు వద్దు, బూట్లు వద్దు. రోడ్డు మీదికి వెళ్లి కనిపించిన మొదటి ఇంట్లోకి దూరండి. మేం వస్తున్నాం."

"ఈ చలిలోనా? మేజోళ్లతోనా? ఏమైందమ్మాయ్?"

"చెప్పినట్టు చెయ్యండి! ఆమె వచ్చేలోపు..."

వెనక తలుపు కిర్రుమంది. కట్టెలు నేల మీద పడ్డ చప్పుడు. "ఎవరితో మాట్లాడుతున్నావ్ కారెల్?" సల్మె గొంతు, ఎంతో ఆప్యాయంగా ఉంది.

అబద్ధం ఆడండి, ఎవరో రాంగ్ నంబర్ అనండి అని గుసగుసగా అన్నాను. కానీ ఆయన జీవితంలో ఎప్పుడూ ఆ పని చేసినవాడు కాదు.

"మన మారెత్ పిల్ల," అన్నాడు పెద్దాయన, ఫోను నోటికి దూరంగా పెట్టి. "ఏమైందో ఏమో, నీ దగ్గర ఉండొద్దంటోంది."

అడుగులు ఫోను దగ్గరికి వచ్చాయి. తర్వాత ఆయన చేతిలోంచి ఎవరో ఫోను తీసుకుని పెట్టేశారు.